కొవ్వు పట్టిన కాలేయంలో కాపలా కణాలు ఏమవుతాయి?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోంది కదా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం మందికి లివర్‌లో ఉండాల్సినదానికంటే ఎక్కువ కొవ్వు ఉందని అంచనా. అంటే ఈ హాల్లో కూడా చాలామందికి ఉండొచ్చు. ఏదో కారణంతో కడుపు స్కాన్ తీయించుకుంటే రిపోర్టు చివర్లో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని ఒక లైన్ కనిపిస్తుంది. అది చూసి కొందరు టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోరు. ఇంకొందరు ‘అందరికీ ఉన్నదేగా’ అని కాగితం మడిచి పక్కన పడేస్తారు. ఇద్దరూ కొవ్వు గురించే ఆలోచిస్తున్నారు. నేను ఇవాళ మాట్లాడేది మాత్రం ఆ కొవ్వు మధ్యలో బతకాల్సి వచ్చిన రోగనిరోధక కణాల గురించి. లివర్‌లో కొవ్వు ఉండీ జీవితాంతం ఏమీ కానివాళ్లు ఎంతోమంది ఉన్నారు. అంతే కొవ్వుతో కొన్నేళ్లలో సిర్రోసిస్ దాకా, అంటే లివర్ మచ్చలతో గట్టిపడిపోయేదాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ తేడా ఎక్కడ వస్తోందని వెతుక్కుంటూ పోతే చాలావరకు ఆ కణాల ప్రవర్తన దగ్గరే ఆగుతాం.

ముందు లివర్ ఎలాంటి చోటో చెప్పాలి. మనకి లివర్ అంటే అరుగుదల, పైత్యరసం, మందుల్ని విరగ్గొట్టడం, ఇంతే గుర్తొస్తుంది. అది శరీరంలోని పెద్ద రోగనిరోధక అవయవాల్లో ఒకటని చాలామందికి తెలియదు. సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవంలోకి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం వస్తుంది, అందులో నాలుగింట మూడు వంతులు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర ద్వారా వచ్చేదే. అంటే మనం తిన్నదాంట్లోని పోషకాలూ, పేగుల్లో కాపురముండే బాక్టీరియా నుంచి రాలిన ముక్కలూ, అప్పుడప్పుడూ గోడ దాటిన బతికున్న బాక్టీరియా కూడా మొట్టమొదట చేరేది ఇక్కడికే. లోపల ఆ రక్తం సైనుసాయిడ్లు అనే అతి సన్నటి దారుల్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. ఆ దారుల గోడలకి చిన్న చిన్న చిల్లులు ఉంటాయి, కాబట్టి రక్తంలో ఉన్నది లివర్ కణాలకి నేరుగా తగులుతుంది. ఆ గోడల్ని పట్టుకుని, రక్తప్రవాహంలోకి చేతులు చాపుకుని కూర్చునే కణాలే కుప్ఫర్ కణాలు. ఇవి మాక్రోఫేజ్‌లు, అంటే కనపడ్డ చెత్తనీ సూక్ష్మజీవినీ మింగేసే కణాలు. శరీరం మొత్తం మీద కణజాలాల్లో స్థిరపడ్డ మాక్రోఫేజ్‌లలో 80 నుంచి 90 శాతం ఈ ఒక్క అవయవంలోనే ఉంటాయి.

వీటికి ఆ పేరు పెట్టిన కథ కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో వచ్చే ఇంకో కణం మళ్లీ మనకి అవసరపడుతుంది. 1876లో కార్ల్ ఫాన్ కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త బంగారు లవణంతో లివర్ ముక్కకి రంగు వేసి నక్షత్రం ఆకారంలో ఉన్న కణాల్ని చూశాడు. వాటికీ మాక్రోఫేజ్‌లకీ మధ్య చాలాకాలం గందరగోళం నడిచింది. ఇవి మింగే కణాలని 1890ల చివర్లో పోలండ్‌కి చెందిన టడేయుష్ బ్రోవిచ్ గుర్తించాడు. కుప్ఫర్ మొదట చూసినవి అసలు ఇవి కావనీ, విటమిన్ ఏ దాచుకునే స్టెల్లేట్ కణాలనీ 1971లో జపాన్‌కి చెందిన కెంజిరో వాకే తేల్చాడు. పేరు మాత్రం మాక్రోఫేజ్‌లకే ఉండిపోయింది. స్టెల్లేట్ కణాల్ని గుర్తుపెట్టుకోండి, మచ్చల గురించి చెప్పేటప్పుడు వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. పేగుల నుంచి రోజంతా బాక్టీరియా ముక్కలు వస్తూనే ఉంటే, ప్రతి ముక్కకీ లివర్ యుద్ధం మొదలుపెడితే ఏమవుతుంది? లివర్ మిగలదు. అందుకే అక్కడి కణాలకి ఓర్పు ఎక్కువ. మింగుతాయి, శుభ్రం చేస్తాయి, చుట్టుపక్కల కణాల్ని రెచ్చగొట్టకుండా ఐఎల్-10 లాంటి శాంతపరిచే సంకేతాలు పంపుతాయి. ఈ ఓర్పు ఎంత లోతైనదో 1969లో బ్రిటిష్ సర్జన్ రాయ్ కాన్ బృందం పందుల మీద చేసిన ప్రయోగంలో కనిపించింది. సంబంధం లేని ఒక పంది లివర్‌ని ఇంకో పందికి పెడితే, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇవ్వకపోయినా చాలా పందుల్లో అది నిలబడింది. అదే చర్మమో కిడ్నీయో అయితే శరీరం తిరస్కరిస్తుంది. పరాయిదాన్ని కూడా సహించే స్వభావం లివర్‌కి పుట్టుకతో ఉంది. ఊబకాయం దెబ్బ కొట్టేది సరిగ్గా ఈ స్వభావాన్నే.

ఎలా కొడుతుంది? కొవ్వు అంటే పొట్ట చుట్టూ ఊరికే పడి ఉన్న సరుకు అనుకుంటే ఇది అర్థం కాదు. కొవ్వు కణజాలం రోజంతా సంకేతాలు పంపుతూ ఉండే అవయవం. 1993లో హొటమిస్లిగిల్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) సంకేతం వస్తోందనీ, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందనీ చూపించింది. అప్పటిదాకా ఊబకాయాన్ని తిండి, వ్యాయామం లెక్కగానే చూసినవాళ్లకి ఇది పెద్ద మలుపు. 2003లో రెండు వేర్వేరు బృందాలు ఆ కొవ్వులోకి మాక్రోఫేజ్‌లు గుంపులు గుంపులుగా చేరుతున్నాయని చూపించాయి. కొవ్వు కణం ఒక హద్దు దాటి ఉబ్బాక కొన్ని చచ్చిపోతాయి, చచ్చిన కణం చుట్టూ మాక్రోఫేజ్‌లు వలయంగా చేరి అందులోని నూనెని తినడం మొదలుపెడతాయి. అలా ఇన్‌ఫ్లమేషన్ ఒక మూల మొదలై తగ్గకుండా సాగుతుంది, జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, మనిషికి ఏమీ తెలియదు.

ఇన్సులిన్ చేసే పనుల్లో ఒకటి, కొవ్వు కణాల్లో దాచిన కొవ్వుని బయటికి రాకుండా పట్టి ఉంచడం. ఆ పట్టు సడలితే ఫ్యాటీ ఆమ్లాలు రక్తంలోకి కారుతూ ఉంటాయి, వాటిలో పెద్ద వాటా లివర్‌కి చేరుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్న మనుషుల్లో ఆ కొవ్వు ఎక్కడ్నుంచి వచ్చిందో 2005లో లెక్కకట్టారు: దాదాపు 59 శాతం శరీరంలోని కొవ్వు నుంచి రక్తంలోకి వచ్చిన ఫ్యాటీ ఆమ్లాల వల్ల, 26 శాతం లివర్ తనే తయారు చేసుకున్నది, 15 శాతం మాత్రమే తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చినది. ‘నేను నూనె ముట్టుకోను, మరి నాకెందుకు వచ్చింది’ అని అడిగేవాళ్లకి జవాబు ఈ లెక్కలో ఉంది.

ఇంకో వైపు పేగుల గోడ. ఊబకాయంలో, ముఖ్యంగా లివర్ జబ్బు ముదిరేకొద్దీ, ఆ గోడ కాస్త వదులవుతుంది, బాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ అనే పదార్థం మామూలుకంటే ఎక్కువగా పోర్టల్ రక్తంలోకి వస్తుంది. అంటే సైనుసాయిడ్‌లో కూర్చున్న కుప్ఫర్ కణానికి ఎదురుగా వచ్చే రక్తమే మారిపోయింది. ఫ్యాటీ ఆమ్లాలు ఎక్కువ, ఎండోటాక్సిన్ ఎక్కువ, ఇన్సులిన్ ఎక్కువ, పక్కనున్న లివర్ కణం కొవ్వుతో నిండి ఇబ్బంది పడుతూ సంకేతాలు పంపుతోంది. ఇదంతా ఒక పూటో ఒక వారమో కాదు, ఏళ్లతరబడి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లివర్ కణంలో కనిపించే కొవ్వు బొట్టు ట్రైగ్లిజరైడ్. అది అంతగా హాని చేసేది కాదు, ఒక రకంగా ప్రమాదకరమైన ఫ్యాటీ ఆమ్లాల్ని భద్రంగా మూటగట్టి పక్కన పెట్టే ఏర్పాటు అది. దాచే స్తోమత మించిపోయాక పామిటిక్ ఆమ్లం లాంటి సంతృప్త ఫ్యాటీ ఆమ్లాలూ, వాటి నుంచి తయారయ్యే సెరమైడ్‌లూ కణాన్ని లోపల్నుంచి దెబ్బతీస్తాయి. కణం ఉబ్బుతుంది, కొన్ని చచ్చిపోతాయి. చచ్చేటప్పుడు బయటికి వదిలే పదార్థాలు రోగనిరోధక కణాలకి ఆపద సంకేతాలు.

నా పని బయాప్సీ స్లైడ్లు చూడటం కాబట్టి మిమ్మల్ని ఒకసారి మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్తాను. సూదితో తీసిన ముక్క రెండు సెంటీమీటర్ల పొడవుంటే గొప్ప, లివర్ మొత్తంలో అది దాదాపు 50 వేల వంతు. మామూలు లివర్ అయితే గులాబీ రంగు కణాలు వరసలుగా, మధ్యలో సన్నటి దారులతో కనిపిస్తాయి. కొవ్వు పట్టిన లివర్‌లో ఆ గులాబీ రంగు నిండా తెల్లటి గుండ్రటి ఖాళీలు. నిజానికి అవి ఖాళీలు కావు. స్లైడ్ తయారు చేసేటప్పుడు వాడే రసాయనాల్లో కొవ్వు కరిగిపోయి, అది ఉన్న చోటు మాత్రమే మిగులుతుంది. నూటికి 5 కణాల్లోనైనా అలా ఉంటే ఫ్యాటీ లివర్ అంటాం. ఇక్కడితో ఆగిపోయి ఉంటే నాకు పెద్ద కంగారు ఉండదు. కంగారు పెట్టేది ఆ ఖాళీల మధ్యలో ఉన్న వేరే కణం. చుట్టుపక్కలవాటికంటే రెట్టింపు సైజులో, మూలలు పోయి గుండ్రంగా ఉబ్బి, లోపలి పదార్థం పీచుపీచుగా పలచబడి ఉంటుంది. దాని చుట్టూ ముదురు ఊదారంగు చుక్కలు మూగి ఉంటాయి. అవి న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు. 1980లో మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం మద్యం తాగనివాళ్లలో సరిగ్గా ఇలాంటి చిత్రమే చూసి నాష్ (NASH) అని పేరు పెట్టింది. 2023లో ఆ పేర్లు మార్చారు, ఇప్పుడు మామూలు ఫ్యాటీ లివర్‌ని మాస్ల్డ్ (MASLD) అనీ, వాపు కూడా ఉంటే మాష్ (MASH) అనీ అంటున్నారు. మీ పాత రిపోర్టులో నాష్ అని ఉన్నా, కొత్తదాంట్లో మాష్ అని ఉన్నా ఒకటే జబ్బు, కొత్త జబ్బేదో వచ్చిందని భయపడకండి.

ఈ వాతావరణంలో కుప్ఫర్ కణాలు ఏమవుతాయి? మొదట అవి టీఎన్ఎఫ్, ఐఎల్-1 బీటా లాంటివి వదులుతూ, రక్తంలోంచి మోనోసైట్లనే తెల్ల రక్తకణాల్ని పిలిచే సీసీఎల్2 అనే సంకేతం పంపుతాయి. ఆ తర్వాత, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం, అవే తగ్గిపోవడం మొదలవుతుంది. ఇవి పిండం దశలోనే లివర్‌లో స్థిరపడి, తమను తామే పుట్టించుకుంటూ వచ్చిన కణాలు. కొవ్వు, వాపు కొనసాగేకొద్దీ వీటిలో చాలా చచ్చిపోతాయనీ, ఆ ఖాళీల్లోకి ఎముక మజ్జ నుంచి వచ్చిన మోనోసైట్లు చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయనీ ఎలుకల్లో వివరంగా చూశారు, మనుషుల లివర్‌లోనూ అదే దిశలో ఆనవాళ్లున్నాయి. ఇంట్లోవాళ్లెవరో, రోజూ వచ్చేవాళ్లెవరో తెలిసిన పాత వాచ్‌మన్ పోయి, ఎవరినీ ఎరగని కొత్త మనిషి గేటు దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో అలాంటిది ఇది. కొత్త కణాలకి ఆ పాత ఓర్పు తక్కువ, సంకేతాలకి తొందరగా రెచ్చిపోతాయి.

అయితే కొత్తగా వచ్చినవన్నీ చెడ్డవి అనుకోవద్దు. 2019లో మనుషుల లివర్ కణాల్ని ఒక్కొక్కటిగా వేరుచేసి, ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివిన పరిశోధనలో, సిర్రోసిస్ మచ్చల దగ్గర ట్రెమ్2, సీడీ9 అనే గుర్తులున్న మాక్రోఫేజ్‌లు గుంపుగా కనిపించాయి. అదే ఏడాది కొవ్వు కణజాలంలో కూడా ట్రెమ్2 ఉన్న మాక్రోఫేజ్‌ల గురించి ఇంకో బృందం రాసింది. ఇవి చచ్చిన కణాల్నీ, కారిన కొవ్వునీ మింగి శుభ్రం చేసే పనిలో ఉంటాయి. ట్రెమ్2 లేని ఎలుకల్లో లివర్ జబ్బు ఇంకా ముదిరింది. అంటే మచ్చ ఉన్న చోట వీటిని చూసి ఇవే మచ్చ చేశాయనడం అన్యాయం, కొంతవరకు బాగు చేయడానికి వచ్చినవి కూడా కావచ్చు. మోనోసైట్లు లివర్‌లోకి రాకుండా అడ్డుకుందామని సెనిక్రివిరాక్ అనే మందుని తయారు చేసి మనుషుల మీద పెద్ద ట్రయల్ పెట్టారు, మచ్చలు తగ్గించడంలో ఫలితం లేక దాన్ని మధ్యలోనే ఆపేశారు. ‘వాపు చెడ్డది, దాన్ని ఆపేద్దాం’ అన్నంత సులువు కాదు ఈ వ్యవహారం. ఏ కణాన్ని, ఏ దశలో అన్నది ముఖ్యం.

తర్వాత టీ కణాలు, రోగనిరోధక కణాల్లోనే ఇంకో రకం. వీటిలో సీడీ8 అనేవి వైరస్ సోకిన కణాల్నీ కేన్సర్ కణాల్నీ చంపే కణాలు. మామూలుగా ఒక టీ కణం తాను నేర్చుకున్న గుర్తు కనిపిస్తేనే చంపుతుంది. 2021లో జర్మనీ పరిశోధకులు మాష్ ఉన్న లివర్‌లో వేరే రకం చూశారు. సీఎక్స్‌సీఆర్6 అనే గుర్తుతో లివర్‌లోనే తిష్ట వేసిన ఈ సీడీ8 కణాలు, చుట్టూ ఉన్న ఐఎల్-15 సంకేతం, ఎసిటేట్ లాంటి పదార్థాల ప్రభావంతో మారిపోయి, ఎదుటి కణం మీద ఏ గుర్తుందో చూడకుండానే చంపుతున్నాయి. అక్కడ చచ్చేది వైరస్ సోకిన కణం కాదు, మన లివర్ కణమే. ఎలుకల్లో మొదలైన ఈ పరిశోధనలో, మాష్ రోగుల లివర్‌లో కూడా అదే పోలికలున్న కణాలు దొరికాయి.

ఇదంతా వింటే కణాలు రెచ్చిపోవడమే సమస్య అనిపిస్తుంది. కానీ ఇంకో సగం ఉంది, నా బాధ అక్కడ ఎక్కువ. ఒక పక్క కొన్ని కణాలు అతిగా కొడుతుంటే, కొట్టాల్సిన కణాలు చేతులు కట్టుకుని నిలబడుతున్నాయి.

ఎన్‌కే కణాలు అని ఉంటాయి, సహజ హంతక కణాలు. మనిషి లివర్‌లోని లింఫోసైట్లలో 30 నుంచి 50 శాతం దాకా ఇవే, రక్తంలో ఉండే వాటా కంటే చాలా ఎక్కువ. ముందస్తు శిక్షణ లేకుండానే కేన్సర్ కణాన్ని పసిగట్టి చంపగలవు. 2018లో లిడియా లించ్ బృందం ఊబకాయం ఉన్న మనుషుల రక్తంలోని ఎన్‌కే కణాల్ని చూస్తే, వాటి లోపలే కొవ్వు పేరుకుని ఉంది. ఇంధనం వాడుకునే తీరు కుంటుపడింది. దాని ఫలితం దగ్గర్నుంచి చూస్తే కళ్లకు కట్టినట్టుంటుంది: ఎన్‌కే కణం కేన్సర్ కణం దగ్గరికి వెళ్తుంది, గుర్తుపడుతుంది, తాకుతుంది, అతుక్కుంటుంది కూడా. మామూలుగా ఆ క్షణంలో లోపలున్న విషపు గుళికలన్నీ అతుక్కున్న వైపుకి జరిగి, ఎదుటి కణంలోకి దిగాలి. ఈ కణంలో అవి సరిగా కదలవు. కేన్సర్ కణం బతికిపోతుంది. ల్యాబ్‌లో ఆ ఎన్‌కే కణాల మైటోకాండ్రియాలోకి, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాల్లోకి కొవ్వు వెళ్లకుండా ఆపితే చంపే శక్తి తిరిగొచ్చింది, అంటే కణం పాడైపోలేదు, స్తంభించిపోయింది. ఈ ఒక్క ఫలితం నాకు చాలా ధైర్యం ఇస్తుంది.

మెయిట్ కణాల గురించి త్వరగా చెప్పేస్తాను. ఇవి బాక్టీరియా తయారుచేసే ఒక రకం విటమిన్ బి పదార్థాల్ని గుర్తుపట్టే టీ కణాలు. మనిషి లివర్‌లో టీ కణాల్లో 20 నుంచి 50 శాతం దాకా ఉండొచ్చు. ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో ఇవి తగ్గుతాయి, ఉన్నవి ఐఎల్-17 అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని ఎక్కువగా వదులుతాయి. వీటిని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, మామూలు ల్యాబ్ ఎలుకల్లో ఇవి చాలా అరుదు. కాబట్టి ఎలుకల్లో కనిపించిందంతా మనిషికి అంటగట్టలేం. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ సమయంలో తమ లివర్ నుంచి చిన్న ముక్క తీసుకోవడానికి ఒప్పుకున్న రోగులు లేకపోతే మనిషి లివర్ గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఉండేదే కాదు. వాళ్లకి ఈ సభలో కృతజ్ఞత చెప్పాలనిపిస్తోంది.

ఇప్పుడు స్టెల్లేట్ కణాలు. మామూలప్పుడు విటమిన్ ఏ దాచుకుని ప్రశాంతంగా ఉంటాయి. మాక్రోఫేజ్‌ల నుంచి టీజీఎఫ్ బీటా లాంటి సంకేతాలు వస్తూ ఉంటే ఆ విటమిన్ ఏ పోగొట్టుకుని, కొలాజెన్ అనే పీచు నేయడం మొదలుపెడతాయి. అదే ఫైబ్రోసిస్, మచ్చ. సున్నా నుంచి 4 దాకా దశలుగా లెక్కేస్తాం, 4 అంటే సిర్రోసిస్. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల ఆయుష్షుని ఎక్కువగా నిర్ణయించేది కొవ్వు ఎంతుందన్నది కాదు, ఈ మచ్చ ఏ దశలో ఉందన్నది. అందుకే స్కాన్‌లో గ్రేడ్ 1, గ్రేడ్ 2 అన్న మాట దగ్గరే ఆగిపోవద్దని ఇంతగా చెప్తున్నాను, ఆ గ్రేడ్ కొవ్వుకి సంబంధించినది, మచ్చకి కాదు. చచ్చే కణాల స్థానంలో కొత్త కణాలు మళ్లీ మళ్లీ పుట్టడం, పక్కన మచ్చ, పైన నిఘా పెట్టాల్సిన ఎన్‌కే కణాల నీరసం, ఈ మూడూ కలిసిన చోటే కేన్సర్‌కి అవకాశం దొరుకుతుంది. ఈ జబ్బులో కొంతమందికి సిర్రోసిస్ రాకముందే లివర్ కేన్సర్ వస్తుంది. మాష్ వల్ల వచ్చిన కేన్సర్‌లో ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక కణాల్ని కేన్సర్ మీదకి ఉసిగొల్పే చికిత్స, తక్కువ పనిచేయొచ్చని 2021లో ఒక పరిశోధన చెప్పింది, దాని మీద డాక్టర్ల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది, కాబట్టి ఆ ఒక్క మాట విని ఎవరూ చికిత్స మానేయొద్దు.

ఇంత చెప్పాక ఒక విషయం మీద నా కోపం కూడా చెప్పుకోవాలి. లావుగా ఉన్న మనిషి లివర్ జబ్బుతో వస్తే ‘నోరు కట్టుకోలేదు, అనుభవిస్తున్నారు’ అనే చూపు ఆస్పత్రుల్లో కూడా ఉంది. ఆ చూపుకి భయపడి పరీక్షలకే రాకుండా ఆలస్యం చేసినవాళ్లని నేను చూశాను. 2008లో పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా లివర్‌లో కొవ్వు పేరుకునే అవకాశాన్ని బాగా పెంచుతుందని తేలింది. అది ఎవరి సంకల్పబలానికీ సంబంధించినది కాదు. ఇద్దరు ఒకే బరువుతో ఉండి, ఒకేలా తిని, ఒకరి లివర్‌లో మచ్చ పడి ఇంకొకరికి పడకపోవచ్చు. దయచేసి ఆ చూపు మానుకుందాం.

ఇక వెనక్కి రావడం గురించి. లివర్ ఇందులో మనకి చాలా సహకరిస్తుంది. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మాష్ ఉన్నవాళ్లు ఏడాది పాటు జీవనశైలి మార్చుకుని, ముందూ తర్వాతా బయాప్సీ చేయించుకున్నారు. బరువులో 10 శాతం, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో 90 శాతం మందికి ఆ వాపు పోయింది, 45 శాతం మందికి మచ్చ కూడా వెనక్కి తగ్గింది. 90 కిలోల మనిషికి 10 శాతం అంటే 9 కిలోలు. చిన్న పనేం కాదు, అందరివల్లా అయ్యేది కూడా కాదు, ఆ పరిశోధనలోనే అంత తగ్గినవాళ్లు తక్కువమంది. 5 శాతం తగ్గినా కొవ్వు తగ్గడం మొదలవుతుంది. మందుల విషయానికొస్తే 2024 మార్చిలో అమెరికాలో రెస్మెటిరామ్‌కి ఈ జబ్బుకోసం మొదటి అనుమతి వచ్చింది, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌కి వచ్చింది. సెమాగ్లూటైడ్ ట్రయల్‌లో 72 వారాలకి మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 63 శాతం మందికి వాపు పోయింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 34 శాతం. ఇవి రెండూ మచ్చ మధ్యస్థంగానో, బాగా ముదిరో ఉండి, ఇంకా సిర్రోసిస్ రానివాళ్లకి. స్కాన్‌లో కొవ్వు కనిపించిన ప్రతివాళ్లూ వేసుకోవాల్సినవి కావు. ఈ రెండు మందుల్లో ఏదీ రోగనిరోధక కణాల్ని నేరుగా అణచదు. ఆ కణాలకి ఎదురుగా వచ్చే కొవ్వు భారాన్ని తగ్గిస్తాయి, అవి చాలావరకు వాటంతటవే శాంతిస్తాయి.

ప్రశ్నలు అడగండి. ఆ అమ్మాయికి మైక్ ఇవ్వండి.

ప్రశ్న: మా అన్నయ్య సన్నగానే ఉంటాడండీ, ఆయనకీ ఫ్యాటీ లివర్ అన్నారు. ఇదంతా లావుగా ఉన్నవాళ్లకే కదా?

కాదమ్మా. కొవ్వు ఎంతుందో దానికంటే ఎక్కడుందన్నది ముఖ్యం. చర్మం కింద దాచుకునే స్తోమత తక్కువ ఉన్నవాళ్లకి కొంచెం బరువు పెరిగినా అది పొట్టలోపల, పేగుల చుట్టూ, లివర్‌లో చేరుతుంది. బయటికి సన్నగానే కనిపిస్తారు, లోపల కణాల పరిస్థితి మాత్రం నేను ఇందాక చెప్పినట్టే ఉండొచ్చు. ఆయనకి షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు ఒకసారి చూపించండి. మద్యం, వేరే మందులు, ఇతర లివర్ జబ్బులు కూడా కారణం కావచ్చు కాబట్టి డాక్టర్ అవి కూడా అడుగుతారు.

ప్రశ్న: బరువు తగ్గాక కణాలు పూర్తిగా పాతలాగా అయిపోతాయా?

వాపు తగ్గుతుంది, ఇందాకటి బయాప్సీ లెక్కలు అదే చెప్తున్నాయి. అయితే పూర్తిగా మర్చిపోతాయా అంటే, 2024లో జ్యూరిక్ పరిశోధకులు కొవ్వు కణాల మీద ఒక ముఖ్యమైన విషయం చెప్పారు. సర్జరీతో బాగా బరువు తగ్గినవాళ్ల కొవ్వు కణజాలంలో జన్యువుల పనితీరులో పాత మార్పులు చాలా అలాగే మిగిలి ఉన్నాయి. ఎలుకల్లో అలాంటి కణాలున్నవి మళ్లీ తొందరగా బరువెక్కాయి. అంటే తగ్గిన బరువు మళ్లీ వచ్చిన మనిషిని క్రమశిక్షణ లేదని తిట్టడం శాస్త్రం ప్రకారం కూడా తప్పే.

ప్రశ్న: ఎస్‌జీపీటీ నార్మల్ అని వచ్చిందండీ. ఇంక భయం లేనట్టేనా?

అలా అనుకోవద్దు. ఎస్‌జీపీటీ అనేది లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్, అది నార్మల్‌గా ఉండి కూడా మచ్చ పడినవాళ్లున్నారు. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, కొత్త పరీక్ష అక్కర్లేదు, మీ వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగూ ఉంటే చాలు, డాక్టర్ నిమిషంలో వేసి చెప్తారు. 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూసుకుంటే సరిపోతుంది. 2.67 దాటితే లివర్ డాక్టర్‌ని కలవాలి. మధ్యలో వస్తే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్షతో లివర్ ఎంత గట్టిపడిందో కొలుస్తారు. 65 ఏళ్లు దాటినవాళ్లకి కింది హద్దు 1.3కి బదులు 2 తీసుకుంటారు, ఎందుకంటే ఆ లెక్కలో వయసు కూడా ఉంది కాబట్టి పెద్దవాళ్లలో ఊరికే ఎక్కువ చూపిస్తుంది. 35 ఏళ్ల లోపువాళ్లలో ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు, వాళ్లకి ఏ పరీక్ష చేయాలో డాక్టర్ చూసి చెప్తారు.